పెద్దమ్మగారి సంతకం

మా వంటాయనకి,

ఎలా ఉన్నారు? మోకాలి నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం ఓడ కంపెనీ ఆఫీసులో ఇస్తే తర్వాతి రేవులో మీ చేతికి అందిస్తామన్నారు. ఫోన్లో చెప్పే మాటలు కావివి. మీరు ఫోన్ చేసేది వెనక పదిమంది వంతు కోసం నిలబడి ఉండగా, నేను మాట్లాడేది హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గర. అందుకే రాస్తున్నాను. పొయ్యి మీద ఏమీ లేనప్పుడు చదవండి.

పోయిన నెల "హోటల్ మనదైపోయింది, ఇక ఓడ దిగిపోండి" అని ఫోన్లో గంతులేశాను కదా. మనది కాలేదు. అసలు ఎవరిదో నాకు నిన్నటిదాకా తెలియదు.

కోప్పడండి, కాదనను. కానీ పూర్తిగా చదివి కోప్పడండి. పదకొండేళ్ళుగా ఆ బల్ల వెనక నిలబడ్డ మనిషిని. ఏ గదిలో కుళాయి కారుతుందో, ఏ తలుపు వానొస్తే బిగుసుకుపోతుందో, ఏ పరుపు ఎటువైపు కుంగిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఓనరుగారు అమ్మేస్తానన్నప్పుడు, ఈ హోటల్లో నీకు తెలియనిదేముంది, నువ్వే కొనుక్కోకూడదా అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. నక్కని తొక్కి వచ్చామనుకున్నాను. మీ తొమ్మిదేళ్ళ ఓడ సంపాదన బయానాగా ఆయన చేతిలో పెట్టి, రసీదు తీసుకుని, ఆ తర్వాత వకీలు దగ్గరికి వెళ్ళాను. ముందు వెళ్ళాల్సింది. కుళాయిలన్నీ చూసుకున్నదాన్ని కాగితం ఒక్కటీ చూసుకోలేదు.

వకీలుగారి ఆఫీసు స్టేషనరీ కొట్టు మీద మేడ గది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా కాగితాల మీద పాత తాళాలు పెట్టుకుంటాడు. నేను తీసుకెళ్ళిన రసీదు చదివి, కళ్ళద్దాలు తీసి, నావైపు జాలిగా చూశాడు. తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీసి, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఒక గడి స్థలమూ కట్టడమూ. రెండోది వ్యాపారం, అంటే హోటల్ పేరు, మంచాలు, కుర్చీలు, గిన్నెలు. మూడోది మద్యం లైసెన్సు. చూసేవాళ్ళకి ఇదంతా కలిపి ఒకే హోటల్లా కనిపిస్తుంది కానీ చట్టం కంటికి మూడూ వేరట. ఒకటి కొంటే ఇంకోటి దానంతటది రాదట. మీరు ఏది కొన్నారమ్మా అని అడిగాడు. హోటల్ కొన్నానండీ అన్నాను. ఆయన పెన్సిలుతో నడిమి గడి మీద రెండుసార్లు కొట్టి, మీరు మంచాలూ గిన్నెలూ కొన్నారు అన్నాడు.

మిగతా రెండు గళ్ళూ ఓనరుగారి అక్కగారివి. మేమంతా పెద్దమ్మగారు, పెద్దమ్మగారు అనుకుంటాం కానీ మాలో ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్నగారు పోతూ పోతూ వీలునామాలో కట్టడం కూతురి పేర రాశారట. లైసెన్సు కూడా అప్పుడే ఆవిడ పేరుకి మారింది. కొడుకు సంగతి ఆ పెద్దాయనకి బాగానే తెలుసన్నమాట. ఇన్నేళ్ళుగా ఓనరు ఓనరని నోరారా పిలిచిన మనిషి ఓనరు కాదండీ, నడిపించుకుంటున్నవాడు, అంతే.

లైసెన్సుది ఇంకో తిరకాసు. అది కుర్చీలాగా అమ్ముకునే వస్తువు కాదు. ఫలానా మనిషి, ఫలానా గదిలో అమ్ముకోవచ్చని సర్కారు ఇచ్చే అనుమతి. మనిషి మారాలంటే పాత మనిషి ఎక్సైజు ఆఫీసుకి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ఆ కట్టడం సొంతదారు కూడా నాకు సమ్మతమేనని ఇంకో కాగితం మీద పెట్టాలి. రెండు చోట్లా పెద్దమ్మగారే పెట్టాలి. బార్ లేకపోతే మన హోటల్ గతేమిటో మీకు తెలుసు. మన దగ్గర దిగేవాళ్ళంతా ఊళ్ళు తిరిగే అమ్మకాల వాళ్ళు. సాయంత్రం కింద నాలుగు గుక్కలు తాగి పైకెళ్ళి పడుకోవచ్చనే వస్తారు కానీ మా పరుపుల మీద మోజుతో కాదు. బార్ మూస్తే ఆర్నెల్లలో గదులకీ తాళాలే.

మీరు కెప్టెనుగారికి రాజీనామా ఇచ్చేశారు. ఈ ప్రయాణం ముగిశాక దిగిపోతారు. తొమ్మిదేళ్ళుగా ఊగే వంటింట్లో గిన్నెలకి తాళ్ళు కట్టి వండారు, ఇక కదలని నేల మీద వండుకుంటానన్నారు. ఆ వంటింటికి నేను బయానా ఇచ్చాననుకున్నాను. వకీలుగారు పెద్దమ్మగారిని వెతికి పట్టుకోమన్నారు. ఓనరుగారు నేను చూసుకుంటాలే అంటున్నారు. చూద్దాం. మీరు దిగులు పెట్టుకోకండి, నేను పెట్టుకున్నది ఇద్దరికీ సరిపోతుంది.

మీ మాటలపుట్ట

*

నా సముద్రపు మనిషికి,

మొన్నటి ఉత్తరంలో ఒక సంగతి దాచాను. వకీలు దగ్గరా దాచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ దగ్గర చీటికీ మాటికీ అబద్ధాలాడాను, పగిలిన కప్పులూ, మరిచిపోయిన తాళంచెవులూ. ఇది అలాంటిది కాదు. దీన్ని అబద్ధం అని కూడా అనుకోలేదు నేను. అదే నా బుర్ర తక్కువతనం.

ఆ లైసెన్సు ఏటేటా కొత్తది చేయించుకోవాలి. ఫారం మీద పెద్దమ్మగారి సంతకం ఉండాలి. నేను పనిలో చేరిన మొదటి ఏడు ఓనరుగారు నన్ను లోపలి గదిలోకి పిలిచి, మంచి కలం ఇచ్చి, టీ తెప్పించారు. నా దస్తూరీ బాగుంటుందని అప్పటికే పేరొచ్చింది కదా. అక్కయ్య దూరంగా ఉంటుంది, ఏటా ఒక్క సంతకం కోసం ఆవిణ్ణేం రప్పిస్తాం, ఆవిడకి తెలిసిన సంగతే, నువ్వు పెట్టేయ్ అన్నారు. అంతకు ముందేడు ఆవిడ పెట్టిన కాగితం ఒకటి ముందు పెట్టారు. నేను పాత చీటీల వెనక ఓ ఇరవైసార్లు రాసి చూసుకుని, ఫారం మీద పెట్టాను. అచ్చు దిగినట్టు వచ్చింది. ఓనరుగారు భేష్ అన్నారు. సిగ్గులేకుండా సంబరపడ్డాను.

అప్పట్నుంచి అదో ఆనవాయితీ అయిపోయింది. ఏటా ఆ రోజు నాకు టీ, కలం, మధ్యాహ్నం నుంచి సెలవు. నేనే ఫారం తీసుకెళ్ళి ఎక్సైజు ఆఫీసు గుమాస్తాకి ఇచ్చేదాన్ని. ఆయన చూసేది రుసుము కట్టిన రసీదునే కానీ సంతకాన్ని కాదు. అలా పదకొండు. నేను దొంగ పని చేస్తున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. పువ్వులు సర్దడం, బిల్లులు రాయడం, పెద్దమ్మగారి సంతకం పెట్టడం, అన్నీ నా పనులే అనుకున్నాను.

వకీలుగారు "ఆవిడ స్వయంగా వచ్చి పెట్టాలి" అన్నాక ఇక అక్కడ కూర్చోలేకపోయాను. తిన్నగా ఓనరుగారి దగ్గరికి వెళ్ళి, పెద్దమ్మగారిని రప్పించండి, లేకపోతే బయానా తిరిగివ్వండి అన్నాను. ఆయన బయానా ఖర్చయిపోయిందని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పారు. అక్క రాదట, ఆరోగ్యం బాగాలేదట. గుమాస్తాతో తాను మాట్లాడారట. ఆవిడ వచ్చి వెళ్ళినట్టు ఆయన రాసుకుంటాడట. లైసెన్సు మార్పు ఫారమూ, కట్టడానికి ముప్ఫయ్యేళ్ళ అద్దె కాగితమూ తయారుచేయించి పెట్టారు. రెండింటి కిందా సంతకం చోటు ఖాళీగా ఉంది. మళ్ళీ టీ తెప్పించారు, మళ్ళీ అదే కలం.

నేను కుదరదన్నాను. ఆయన నవ్వారు.

"పదకొండుసార్లు పెట్టిన చెయ్యి. పన్నెండోసారి నొప్పెడుతుందా?"

నేను పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాను. వెళ్ళు, ముందు నీ చేతికే బేడీలు వేస్తారు, సంతకాలన్నీ నీవే కదా, నేనెక్కడా కలం పట్టలేదు అన్నారు. నిజమే. పదకొండు ఫారాల్లో ఆయన చెయ్యి ఎక్కడా తగల్లేదు. నన్ను ఎంత ముద్దుగా, ఎంత మెల్లగా కట్టేశాడో ఆ పూటే తెలిసింది నాకు.

కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. మీ పెట్టెలో, మీ చొక్కాల కింద ఉన్నాయి. ఈ పొద్దున కూర్చుని రెండింటి మీదా పెట్టేశాను. ఎక్కడా చెయ్యి వణకలేదండీ, నాకు భయం వేసింది అందుకే. గురువారం గుమాస్తాకి ఇవ్వాలి, ఇచ్చేస్తాను. దీన్ని మోసం అంటారని ఈసారి తెలిసే చేస్తున్నాను. మీరు దిగి వచ్చేసరికి మీకొక వంటిల్లు ఉండాలి, నాకు అంతకు మించి ఏమీ తోచడం లేదు. తొమ్మిదేళ్ళు మీరు లేని ఇంట్లో నేను ఒక్కదాన్నే కంచం కడుక్కున్నాను. ఇంకో తొమ్మిదేళ్ళు నావల్ల కాదు.

నన్ను అసహ్యించుకోవాలనిపిస్తే వచ్చాక నా ఎదురుగానే అసహ్యించుకోండి.

మీ పాపిష్టి భార్య

*

మా వంటాయనకి,

ఇవ్వలేదు. చించేశాను. ముందు ఆ మాట చెప్పేస్తే మీరు స్థిమితంగా చదువుతారు.

గురువారం పొద్దున్నే ఫారాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. దారిలో ఒకటే మాట బుర్రని తొలుస్తోంది. "ఆవిడకి తెలిసిన సంగతే" అన్నాడు కదా మొదటి ఏడు. నిజంగా తెలుసా? తెలిసి ఊరుకుంటే నాది సగం తప్పు. తెలియకపోతే? వకీలుగారు తీయించిన వీలునామా నకలు మీద ఆవిడ ఊరూ వీధీ ఉన్నాయి. ఎక్సైజు ఆఫీసు దగ్గర దిగాల్సినదాన్ని దిగలేదు. బస్సు మారి మూడున్నర గంటలు కూర్చున్నాను.

పెద్దమ్మగారంటే ఓనరుగారి కంటే పదింతలు దర్జాగా ఉంటారనుకున్నాను. పుస్తకాలకి అట్టలు కుట్టే షాపు వెనక రేకుల గది అది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ పొడుగునా పాత పాఠ్యపుస్తకాలు. బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారట. ఆ వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. సన్నటి మనిషి, నిటారుగా నిలబడతారు. కళ్ళకి పొర వచ్చింది. నన్ను చూడటానికి కిటికీ దగ్గరికి రమ్మన్నారు. రొట్టె ముక్క టీలో ముంచుకుని తింటున్నారు, సగం విరిచి నాకూ ఇచ్చారు. తినకపోతే ఊరుకునేలా లేరు.

నేను హోటల్లో పనిచేస్తానని, మా ఆయన ఓడలో వంట బాగా చేస్తారని, మీ తమ్ముడుగారు మాకు అమ్ముతున్నారని చెప్పాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేశారు. నాన్నగారు పోయిన ఏడాదే బార్ మూసేశామని, గదులు నష్టాల్లో నడుస్తున్నాయని, అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరని తమ్ముడు ఏటా ఉత్తరం రాస్తాడట. దాంతోపాటు రెండు నెలల అద్దెకి సరిపడా పంపుతాడట. ఆ మాత్రమైనా పంపుతున్నాడని ఆవిడ వాడిని మెచ్చుకుంటూ వచ్చారట. కంటికి ఆపరేషను చేయించుకోమని డాక్టరు చెప్పి నాలుగేళ్ళయిందట. వచ్చే ఏడు చూద్దామని ప్రతి ఏడూ అనుకుంటున్నారట.

నేను చేతిలో రొట్టె పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రమైతే మన బార్లో కుర్చీ దొరకదు కదండీ. అన్నేళ్ళ ఆ సందడంతా ఈవిడదే. ఈవిడ కళ్ళకి పొరలు కమ్ముతుంటే నేను అక్కడ గ్లాసులు లెక్క చూసుకుంటూ, మధ్యాహ్నం నుంచి సెలవు పుచ్చుకుని, సినిమాకి వెళ్ళేదాన్ని.

ఆవిడ అడగనే అడిగారు.

"బార్ నడుస్తుంటే లైసెన్సు ఏటా మార్చాలి కదమ్మా. నా సంతకం ఎవరు పెట్టారు?"

చెప్పడానికే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, చెప్పాలనే నోరు తెరిచాను. "నాకు తెలీదండీ, మీ తమ్ముడుగారే చూసుకునేవారు" అన్నాను. ఆ పొర కమ్మిన కళ్ళు నా మొహం మీద కాసేపు నిలబడ్డాయి. తర్వాత తలాడించి, సరే, సోమవారం వస్తాను, ఆ ఫైలు నా కళ్ళతో నేను చూడాలి అన్నారు. అంతా సవ్యంగా ఉంటే మీ పేరుకి మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు, కట్టడం కూడా మీకే అమ్ముతాను, నాకు ఆ ఊళ్ళో ఎవరున్నారు, నువ్వు మంచిదానిలా ఉన్నావు అన్నారు. మంచిదానిలా ఉన్నానట.

బస్టాండులో ఫారాలు ముక్కలు ముక్కలుగా చించి చెత్తడబ్బాలో వేశాను. ఇప్పుడు నా ఆశంతా ఒక్కదాని మీదే ఉంది. సోమవారం గుమాస్తా పాత కాగితాలు తిప్పకపోతే, కొత్త ఫారం మీద ఆవిడ అసలు సంతకం పడితే, ఇక అంతా నిజమైపోతుంది. పాతవి ఫైల్లో అలాగే పడి ఉంటాయి. మీరు దిగుతారు. పొయ్యి వెలిగిస్తారు. ఆవిడ కళ్ళకి ఆపరేషను మనమే చేయిద్దాం, పెద్ద డాక్టరు దగ్గర. అప్పటికి నా మొహం బాగా కనపడుతుందేమో, అదొక్కటే భయం.

మీ మాటలపుట్ట

*

నా ప్రాణానికి,

సోమవారం అయిపోయింది. దాని తర్వాత ఇంకో తొమ్మిది రోజులు అయిపోయాయి. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

పెద్దమ్మగారు తొలి బస్సుకే వచ్చారు. ఇస్త్రీ బట్టలు, చంకలో గుడ్డ సంచి, అందులో గుర్తింపు కార్డు, వీలునామా. నేను చెయ్యి పట్టుకుని ఎక్సైజు ఆఫీసు మెట్లు ఎక్కించాను. మూడో నంబరు బల్ల దగ్గర ఆ గుమాస్తాయే ఉన్నాడు, తాడు కట్టిన కళ్ళద్దాలతో. నన్ను చూసి ఏమ్మా, ఈ ఏడు ముందే వచ్చేశావే అన్నాడు. మార్పు ఫారం ఇచ్చాను. ఆవిడ వంగి, కాగితానికి మొహం ఆనించి, ఒక్కో అక్షరం పేర్చినట్టు సంతకం పెట్టారు. వంకర్లు పోయింది. ఒక గీత కింది వరసలోకి జారింది. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. నేను పదకొండేళ్ళుగా పెడుతున్నది ఆవిడ పాత చెయ్యి. ఆవిడ చెయ్యి ముసలిదైంది, నా దగ్గరున్నది కాలేదు.

గుమాస్తా ఫైలు తెరిచాడు. ఎప్పుడూ తెరవనివాడు ఈసారి తెరిచాడు, మార్పు కదా, తెరవాలట. పక్కపక్కన పెట్టి చూసి, అద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. ఇది ఈవిడ సంతకం కాదు అన్నాడు. నా సంతకం నాది కాకపోతే ఎవరిదయ్యా అన్నారు పెద్దమ్మగారు. కార్డు చూపించారు. కార్డు ఎవరైనా పట్టుకొస్తారమ్మా, ఫైలుతో సంతకం కలవాలి అన్నాడు. ఆవిడ ఫైలు లాక్కున్నంత పని చేసి, కిటికీ వైపు తిరిగి, ఒక్కో కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. పన్నెండు కాగితాలూ చూశారు.

"అడుగునున్న మొదటిది నాది. పైనున్న పదకొండూ నావి కావు. చాలా బాగున్నాయి."

టీచరు కదండీ, దస్తూరీ చూసి మార్కులు వేసే మనిషి. అలాగే అన్నారు. ఆ తర్వాత గుమాస్తా వైపు చూడలేదు, నా వైపే చూశారు.

గుమాస్తాకి చిరాకొచ్చింది. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. ఎవరో ముసలావిణ్ణి పట్టుకొచ్చి నా ఉద్యోగానికి ఎసరు పెడతావా అన్నాడు. ఓనరుగారు నాతో మాట్లాడారు కదా, ఈవిణ్ణి బస్సెక్కించి, ఎప్పటిలాగే ఇంటి దగ్గర పెట్టించుకుని తీసుకురా, సాయంత్రానికల్లా లైసెన్సు మీ పేర ఉంటుంది, ఈ వచ్చింది నేను చూడలేదనుకుంటా అన్నాడు. కొత్త ఫారం కూడా నా చేతిలో పెట్టాడు.

మీకు నిజం చెప్తాను. ఆ ఫారం చేతిలో పట్టుకుని నేను చాలాసేపే నిలబడ్డాను. ఒక్క సంతకం. మీ వంటిల్లు కళ్ళ ముందు కనపడింది, మీరు భుజం మీద తువ్వాలు వేసుకుని నిలబడ్డట్టే కనపడింది. ఇటు చూస్తే బల్ల ముందు ఆవిడ. ఆవిడే ఆవిడ కాదని ఒక ఆఫీసు చెప్తోంది. ఆవిడ సంచి తాడు వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు. నా సంతకం నిజం, ఆవిడ సంతకం దొంగది అయిపోయింది. దానికంటే ఘోరం ఏముంటుందండీ? నేను వెళ్ళి బల్ల మీద ఆ ఫారం పెట్టేశాను.

"ఆ పదకొండూ నేను పెట్టినవి. ఈవిడ పెట్టింది ఇదొక్కటే."

నోట్లోంచి వచ్చేసింది. గుమాస్తా చూడమ్మా, ఆలోచించుకుని మాట్లాడు అన్నాడు. ఆలోచించుకున్నాను, తెల్లకాగితం ఇవ్వండి అన్నాను. నమ్మరేమోనని ఆయన ముందే పెద్దమ్మగారి సంతకం గబగబా నాలుగుసార్లు పెట్టి చూపించాను. లోపల్నుంచి అధికారి వచ్చాడు. కూర్చోబెట్టి వాంగ్మూలం రాయించుకున్నారు. మొదటి టీ దగ్గర్నుంచి మొన్నటి రేకుల గది దాకా అన్నీ రాశాను, ఆవిడతో చెప్పిన అబద్ధం కూడా.

మధ్యాహ్నానికి మన బార్ తలుపుకి సీలు వేశారు. లైసెన్సు రద్దయింది, ఇక ఎవరి పేరుకీ మారదు. ఓనరు ఆ సాయంత్రమే ఊరు విడిచిపోయాడు, బయానా సంగతి కోర్టు తేల్చాలట, వకీలుగారు ఆశ పెట్టుకోవద్దన్నారు. అధికారి పెద్దమ్మగారిని అడిగాడు, తమ్ముడి మీద ఫిర్యాదు సరే, ఈ అమ్మాయి తనే ఒప్పుకుంది కదా, ఈమె పేరు వదిలేద్దామా అని. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగకుండా, రాయండి, ఈమె పేరు కూడా రాయండి అన్నారు. రాశారు. నేను రెండో ముద్దాయిని. ఆవిడ నా చెయ్యి పట్టుకోకుండా, గోడ తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను ఇంటికొచ్చి మీ పెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. తనివితీరా ఏడ్చాను. అబద్ధమాడినా పోయేదే, నిజం చెప్పినా పోయింది. మీ తొమ్మిదేళ్ళని నేను నాలుగు వారాల్లో గంగపాలు చేశాను. హోటల్లో వంటమనిషి మానేశాడు, గదులు తుడిచే ఆవిడ మానేసింది. జీతం లేకపోయినా రోజూ వెళ్ళి తాళం తీసి ఆ బల్ల వెనక నిలబడ్డాను. దిగేవాళ్ళు లేరు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది, అందుకు వెళ్ళాను.

ఆరో రోజు ఒక రిక్షా ఆగింది. పెద్దమ్మగారు పెట్టే, బెడ్డింగూ, పుస్తకాల మూటలతో దిగారు. ఏ గది ఖాళీగా ఉందని అడిగారు. అన్నీ ఖాళీనేనండీ అన్నాను. మెట్లు ఎక్కనవసరం లేని గది ఇవ్వమన్నారు. సామాను పెట్టించుకుని, తిరిగి వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. నిన్ను క్షమించానని అనుకోకు అన్నారు. అనుకోవడం లేదండీ అన్నాను. నాకు గదులు నడపడం తెలీదు, ఏ కుళాయి కారుతుందో తెలీదు, నీకు తెలుసు, కోర్టు తేల్చేదాకా నెల జీతానికి చెయ్యి, కాగితాలన్నీ నేనే చూస్తాను, సంతకాలన్నీ నేనే పెడతాను, నువ్వు కలం ముట్టుకోవడానికి వీల్లేదు అన్నారు. బార్ గదిలో సీలు తీశాక భోజనాల బల్లలు వేయిస్తారట. గ్లాసుల కోసం కాకుండా తిండి కోసం జనం వస్తే హోటల్ నిలబడుతుంది, రాకపోతే మూసేద్దాం అన్నారు, లెక్క తేల్చి చెప్పినట్టు. తర్వాత అడిగారు.

"మీ ఆయన వంట బాగా చేస్తాడన్నావు. అదైనా నిజమా?"

నిజమేనండీ అన్నాను. ఆ ఒక్క మాటకి నాకు వెక్కిళ్ళు వచ్చాయి. ఆవిడ ఓదార్చలేదు, లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఇక అసలు సంగతి. ఓడ ఆఖరి రేవు వదిలేలోగా రాజీనామా వెనక్కి తీసుకోవచ్చని కంపెనీ ఆఫీసులో కనుక్కున్నాను. మీరు యజమాని అవుతారని చెప్పి రాజీనామా చేయించాను. అది లేదు. దిగితే జీతానికి వంటవాడు, అదీ ఎన్నాళ్ళో తెలియదు. పైగా కోర్టుకి తిరిగే పెళ్ళాం. ఓడలోనే ఉండిపోతే మిమ్మల్ని ఒక్క మాట అనను, అనడానికి నాకు మొహం లేదు. హోటల్ ఉందని మాత్రం రావద్దు.

కానీ రండి. వచ్చే నెల పదహారున కోర్టులో నన్ను పిలుస్తారు. లేచి నిలబడాలట, చేసింది ఒప్పుకుంటున్నావా అని అడుగుతారట, ఒప్పుకుంటున్నానని గట్టిగా చెప్పాలట. చెప్తాను. నాకు చాలా భయంగా ఉందండీ. ఆ మాట చెప్పి వెనక్కి తిరిగి చూసేసరికి బెంచీ మీద మీరు ఉండాలి.

మీ భార్య